అన్న చీపురు, తమ్ముడి చీపురు



సాయంత్రం ఐదున్నరకే దీపాలు పెట్టుకునే అండమాన్ ఊరు మనది. ఆ వేళకి అబర్డీన్ బజార్‌లో ఘంటాఘర్ గడియారస్తంభం దగ్గర టీ గ్లాసు పట్టుకుని ఓ పది నిమిషాలు నిలబడండి. హిందీ, తమిళం, బెంగాలీ అన్నీ వినపడతాయి. వాటి మధ్యన మన శ్రీకాకుళం యాస కూడా చెవిన పడుతుంది. ఓడ ఎప్పుడొస్తుందో తేలాక, ఉల్లిపాయల ధర తిట్టుకోవడం అయ్యాక, మాట మెల్లగా మనుషుల మీదికి మళ్లుతుంది. ఫలానావారి పిల్లలు ఏం చేస్తున్నారు? ఎక్కడున్నారు? అప్పుడు ఎవరో ఒకరు గ్లాసు అడుగున మిగిలిన టీ పారబోస్తూ అంటారు: "చిన్నోడు పర్లేదు గానీ, పెద్దోడే..."

అక్కడితో ఆపేస్తారు. మిగతాది ఎవరూ అడగరు. ఆ ఒక్క దీర్ఘంలో పెద్దోడి బతుకంతా చెప్పేసినట్టే లెక్క.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒక ఫొటో గుర్తొస్తుంది.

1978. నాకు ఏడేళ్లు. మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో ఎవరిచేతో మా అమ్మమ్మ ఒక ట్రంకుపెట్టె పంపింది. మాకు కావలసింది అందులోని సున్నుండలు. మా నాన్నకి కావలసింది పెట్టె అడుగున పరిచిన తెలుగు పేపరు. ఎన్నాళ్ల కిందటిదైనా సరే, దులిపి, మడతలు సాపు చేసి, ఆ పొద్దుటే వచ్చినదానిలా చదివేవాడు. ఆ పేపర్లో ఒక నల్లజాతి కుర్రాడు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ముందుపళ్లు లేవు. నాకూ అప్పుడు లేవు. నేను అద్దం దగ్గరికి పోయి అలాగే నోరు తెరిచి చూసుకున్నాను. వెనకనుంచి నాన్న గొంతు వినపడింది: "అలీనా? అలీని ఓడించేశాడా వీడు?"

అలా నాకు పరిచయమైనవాడు లియాన్ స్పింక్స్. ఆయనకో తమ్ముడున్నాడని, పేరు మైకేల్ అని, అతనూ బాక్సరేనని చాలా ఏళ్లకి తెలిసింది. ఇవాళ ఈ అన్నదమ్ముల సంగతే చెబుదామని వచ్చాను. బాక్సింగ్ మీకు ఇష్టం లేకపోయినా ఫరవాలేదు. అన్నదమ్ములు ప్రతి ఇంట్లో ఉంటారు కదా.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరం. లియాన్ పుట్టింది 1953 జులై 11న. మైకేల్ 1956 జులై 13న. మూడేళ్లు, పైన రెండు రోజులు తేడా. ఏడుగురు పిల్లల్లో లియాన్ పెద్దవాడు. తండ్రి ఇల్లు విడిచిపోయాడు. తల్లి పేరు కే. ఆమె ఒక్కతే అందరినీ సాకింది. వాళ్లుండేది ప్రూయిట్ ఐగో అనే ప్రభుత్వ గృహసముదాయంలో. ఒక్కొక్కటి 11 అంతస్తుల చొప్పున 33 భవనాలు. కట్టినప్పుడు ఎంతో గొప్పగా చెప్పుకున్నారు. దాన్ని గీసిన మినోరు యమసాకీయే తర్వాత న్యూయార్కు జంట భవనాలు కూడా గీశాడు. పాపం, ఆయన చేతి చలవ ఎలాంటిదో! ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆ 33 భవనాలూ నేరాలకీ, పాడుబడ్డ లిఫ్టులకీ, పగిలిన కిటికీలకీ పేరుమోసిపోయాయి. 1972లో పేలుడు మందు పెట్టి కూల్చడం మొదలుపెట్టారు. 1976కి అంతా నేలమట్టం.

అదే 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్. మన హాకీ జట్టు 1928 తర్వాత మొదటిసారి ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఒలింపిక్స్ అవి. అక్కడ ఒకే రోజున మైకేల్ మిడిల్‌వెయిట్‌లో, లియాన్ లైట్ హెవీవెయిట్‌లో బంగారు పతకాలు గెలిచారు. ఒకరు సోవియట్ బాక్సర్ మీద, ఇంకొకరు క్యూబా బాక్సర్ మీద. పెరిగిన చోటు ఏ ఏడాది మట్టిలో కలిసిందో, ఆ ఏడాదే ఇద్దరి మెడలోనూ బంగారం పడింది.

లియాన్ చిన్నప్పుడు ఆయాసంతో బాధపడిన పిల్లాడు. వీధిలో పెద్ద పిల్లలు పట్టుకుని కొట్టేవాళ్లు. దెబ్బలు తప్పించుకోవడానికి బాక్సింగ్ నేర్చుకున్నాడు. చదువు మధ్యలో ఆపేసి నౌకాదళ సైనికుల్లో, అంటే మెరైన్లలో చేరాడు. ముందుపళ్లు పోయింది అక్కడి బాక్సింగ్‌లోనే. అన్న ఏ దారిన పోతే తమ్ముడూ ఆ దారినే. అన్న జిమ్ముకి పోతే వెనకాలే జిమ్ముకి.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. నాకు ఈ కథంతట్లోనూ ముఖ్యమైనది అదే.

ఒలింపిక్స్ నుంచి రాగానే లియాన్ డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి దూకేశాడు. మైకేల్ దూకలేదు. సెయింట్ లూయిస్‌లోని రసాయనాల ఫ్యాక్టరీలో పనికి పోయాడు. ఏం పని? నేల తుడవడం, మరుగుదొడ్లు కడగడం. ఒలింపిక్ స్వర్ణ పతకం ఇంట్లో ఉంది, చీపురు చేతిలో ఉంది. బుచ్ లూయిస్ అనే మేనేజరు వెంటపడి వెంటపడి ఒప్పిస్తే తప్ప రింగులోకి రాలేదు.

ఆ చీపురు సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

1978 ఫిబ్రవరి 15, లాస్ వేగాస్. లియాన్ అప్పటికి ప్రొఫెషనల్‌గా ఆడింది ఏడంటే ఏడు పోటీలు. అవతల ముహమ్మద్ అలీ. అలీకి అది కాలక్షేపం ఆట. సాధన కూడా సరిగ్గా చెయ్యలేదు. ఆ రోజుల్లో ఛాంపియన్‌షిప్ అంటే 15 రౌండ్లు. మొదటి రౌండ్లలో అలీ తాళ్లకి ఆనుకుని, కుర్రాడు కొట్టి కొట్టి అలిసిపోతాడులే అని ఊరుకున్నాడు. కుర్రాడు అలిసిపోలేదు. చివరి రౌండులో ఇద్దరూ తూలుతూనే కొట్టుకున్నారు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు లియాన్ వైపు. మా ట్రంకుపెట్టెలోకి ఎక్కిన నవ్వు అదే. ఎనిమిదో పోటీకే ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్!

తర్వాత ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో లియాన్ ఒకచోట కుదురుగా ఉన్నది లేదు. చుట్టూ మనుషులు చేరారు. తాగుడు, పార్టీలు, కార్లు. లైసెన్సు లేకుండా, ఒకవైపే పోవలసిన వీధిలో ఎదురు వెళ్తూ పోలీసులకి దొరికాడు. ఆ ఒక్క ముక్క చాలు ఆ ఏడాదంతా చెప్పడానికి. కెన్ నార్టన్ అనే బాక్సర్‌తో ఆడకుండా అలీతో మళ్లీ ఆడతానన్నందుకు ఒక సంస్థ బెల్టు లాగేసుకుంది. సెప్టెంబరు 15న న్యూ ఆర్లీన్స్‌లో, అరవై వేల పైచిలుకు జనం ముందు, అలీ మిగిలిన బెల్టు కూడా పట్టుకుపోయాడు. ఆ రాత్రికి లియాన్‌కి ముట్టింది దాదాపు 37 లక్షల 50 వేల డాలర్లు. వచ్చినంత వేగంగానే పోయింది.

అలీ సంగతి మన వైపు వాళ్లకి కొత్త కాదు. 1980లో మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ ఆడి వెళ్లాడు. ఆ ఏడాదే ఢిల్లీలో మన బాక్సర్ కౌర్ సింగ్‌తో కూడా నాలుగు రౌండ్లు గ్లోవులు కలిపాడు. మద్రాసు ఓడలో వచ్చినవాళ్లు 'చూశాం, చూశాం' అని అబర్డీన్‌లో చెప్పుకోవడం నేను విన్నాను. చూసినవాళ్లెంతమందో, చూశామన్నవాళ్లెంతమందో మనం లెక్క తీయక్కర్లేదు.

ఇప్పుడు తమ్ముడు. మైకేల్ మెల్లగా వచ్చాడు. చూడ్డానికి గొప్ప సొగసున్న ఆట కాదు. మోచేతులు ఒకవైపు, మోకాళ్లు ఒకవైపు, కోడిపుంజు తడబడ్డట్టుండేది. కానీ కుడిచేతి దెబ్బ ఒకటుండేది. ముఖ్యంగా, దెబ్బలు తినేవాడు కాదు. 1981లో లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1983 మార్చిలో డ్వైట్ ముహమ్మద్ కావీని ఓడించి ఆ బరువులో తిరుగులేని ఛాంపియన్ అయ్యాడు.

ఆ కావీ పోటీకి రెండు నెలల ముందు మైకేల్ జీవన సహచరి కారు ప్రమాదంలో చనిపోయింది. వాళ్లకి రెండేళ్ల కూతురు. పోటీ రాత్రి ఆ పాపని డ్రెస్సింగ్ రూములోకి తీసుకొచ్చారు. అమ్మ ఎక్కడని అడిగింది పాప. మైకేల్ కూలబడి ఏడ్చాడు. తర్వాత చేతులకి గుడ్డపట్టీలు చుట్టుకుని, గ్లోవులు కట్టించుకుని, రింగెక్కి 15 రౌండ్లు ఆడి గెలిచి దిగాడు. తమ్ముడి బతుకు పూలపాన్పని ఎవరైనా అనుకుంటారేమోనని ఇది చెప్పాను.

ఇక తక్కెడలో పెట్టి తూచేవాళ్లకి పండగలాంటి లెక్క ఒకటుంది. లారీ హోమ్స్ 1981లో లియాన్‌ని మూడో రౌండులోనే ఆపేశాడు. అదే హోమ్స్‌ని 1985 సెప్టెంబరు 21న మైకేల్ ఓడించాడు. హోమ్స్ అప్పటికి 48 పోటీలు ఆడి ఒక్కటీ ఓడనివాడు. 49వది గెలిస్తే రాకీ మార్సియానో రికార్డుతో సమానం. దానికి అడ్డుపడ్డాడు మైకేల్. లైట్ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉండి హెవీవెయిట్ కిరీటం గెలిచిన మొదటివాడు అతనే. అందుకోసం 79 కిలోల శరీరాన్ని కొవ్వు పట్టకుండా 90 కిలోలకి పెంచాడు. కొలిచి తినడం, కొలిచి పరిగెత్తడం. అన్నదమ్ములిద్దరూ హెవీవెయిట్ ఛాంపియన్లు కావడం కూడా అదే మొదలు.

ఇక కావీ. 1983లో మైకేల్ చేతిలో ఓడిన ఆ కావీ మీదికి 1986లో లియాన్ వెళ్లాడు. ఆరో రౌండులో రిఫరీ ఆపేయాల్సి వచ్చింది. తమ్ముడు ఓడించినవాళ్లే అన్నని ఓడించారు, ఒకడు కాదు ఇద్దరు. చిన్నోడు పర్లేదు గానీ, పెద్దోడే...

నాకు మాత్రం ఈ తక్కెడ మీద నమ్మకం లేదు. ఎందుకంటే ఒక పళ్లెంలో పడ్డది చూసి కదా రెండో పళ్లెంలోవాడు అడుగు వేశాడు! అన్న తొందరగా పైకెక్కి పడ్డాడు. మైకేల్ ఒక్కో మెట్టూ ఎక్కాడు. అన్న చుట్టూ పదిమంది చేరి దోచుకుంటే, తమ్ముడు ఒక్క మేనేజరుని నమ్ముకుని కూర్చున్నాడు. లియాన్ ముందు ఏ లియానూ లేడు. మైకేల్ ముందు ఉన్నాడు.

మన నిజామాబాద్‌లోనూ ఇలాంటి ఇల్లొకటుంది. బాక్సర్ హుసాముద్దీన్‌ది. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు, 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో ఇంకో కాంస్యం. ఆ చివరిది కూడా మోకాలి గాయంతో సెమీఫైనల్ ఆడలేకపోతే వచ్చిన కాంస్యం. వాళ్ల నాన్నే కోచ్. బాక్సర్ నిఖత్ జరీన్‌కి మొదట్లో పిడికిలి బిగించడం నేర్పింది కూడా ఆయనే. హుసాముద్దీన్ అన్నల్లో ఇద్దరు అంతర్జాతీయ పోటీల దాకా వెళ్లిన బాక్సర్లు. పతకాల పట్టికలో తమ్ముడి పేరే కనపడుతుంది. కానీ ఆ ఇంట్లో చిన్నవాడు పొద్దున లేచేసరికి గ్లోవులు తగిలించి ఉన్న మేకు కనపడేది కదా. ఆ మేకు కొట్టినవాళ్లు ఎవరన్నది పట్టికలో రాయరు.

మళ్లీ సెయింట్ లూయిస్ వాళ్ల దగ్గరికి వద్దాం. 1988 జూన్ 27, అట్లాంటిక్ సిటీ. మైకేల్ ఎదుట మైక్ టైసన్. అప్పటికి మైకేల్ 31 ఆడి 31 గెలిచాడు. పోటీ 91 సెకన్లలో ముగిసింది. 91 సెకన్లంటే ఎంతో తెలుసా? నేను ఇందాక నిజామాబాద్ సంగతి ఎత్తుకుని ఇక్కడిదాకా వచ్చేసరికే దాదాపు అంత పట్టి ఉంటుంది. ఆ కాసేపటికి మైకేల్‌కి దాదాపు కోటీ 35 లక్షల డాలర్లు ముట్టాయి. నెల తిరిగేసరికి బాక్సింగ్ నుంచి తప్పుకున్నాడు. వయసు 32. మళ్లీ రింగెక్కలేదు. 31 గెలుపులు, ఒక్క ఓటమి. ఆ కాగితం అలా మూసేశాడు.

టైసన్ ముందు భయపడిపోయాడని లోకం ఈరోజుకీ నవ్వుతుంది. భయపడ్డాడనే అనుకుందాం. భయపడి, డబ్బు తీసుకుని, తల కాపాడుకుని ఇంటికెళ్లినవాడిని నేనైతే తెలివితక్కువవాడనను.

లియాన్ తప్పుకోలేదు. తప్పుకోవడానికి దగ్గర ఏమీ లేదు. జపాన్ వెళ్లి కుస్తీ ప్రదర్శనల్లో ఆడాడు. షికాగోలో ఒక రెస్టారెంటు గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకి చెయ్యి కలిపే ఉద్యోగం చేశాడు. 1994లో, ప్రొఫెషనల్‌గా మొట్టమొదటిసారి రింగెక్కిన ఒక ఆటగాడు ఈ మాజీ ప్రపంచ ఛాంపియన్‌ని మొదటి రౌండులోనే పడగొట్టాడు. మరుసటి ఏడాది డిసెంబరులో, 42 ఏళ్ల వయసులో, సొంత ఊరు సెయింట్ లూయిస్‌లోనే ఆఖరి ఆట. అవతలివాడు పదిహేడేళ్లుగా గ్లోవులు తొడగనివాడు. అతని చేతిలోనూ ఓడిపోయాడు. మొత్తం 46 పోటీలు. 26 గెలుపులు, 17 ఓటములు, 3 సమం. అమెచ్యూర్‌గా తిన్న దెబ్బలు ఇందులో లేవు, సాధనలో తిన్నవి అసలు లేవు.

ఆ దెబ్బలు ఏం చేస్తాయో చెప్పాలి. ముదురు కొబ్బరికాయ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల నీళ్లు చిప్పకి కొట్టుకుంటాయి.  మన పుర్రెలో కూడా అలాగే ద్రవం ఉంటుంది, మెదడు అందులో తేలుతూ ఉంటుంది. దవడ మీద పక్కనుంచి దెబ్బ తగిలితే తల గిర్రున తిరుగుతుంది, మెదడు ఒక్క క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. ఆ లాగుడుకి లోపల సన్నటి తీగల్లాంటి నరాలు సాగిపోతాయి. పడిపోయేంత దెబ్బే కానక్కర్లేదు. వందసార్లు చిన్నగా తగిలినా చాలు. ఏళ్ల తర్వాత మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, పేర్లు జారిపోతాయి. హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు 1928లోనే దీని మీద వైద్య పత్రికలో రాశాడు. బాక్సర్లు తమలో తాము అప్పటికే 'పంచ్ డ్రంక్' అని చెప్పుకునేవాళ్లట. తాగకుండానే తాగినట్టుండటం. 1982లో కొరియా బాక్సర్ ఒకడు రింగులో తిన్న దెబ్బలకి ప్రాణం పోగొట్టుకున్నాక గానీ 15 రౌండ్లు 12 కాలేదు. లియాన్ అలీతో ఆడిన రెండు పోటీలూ పాత లెక్కవే. అలీ సంగతీ మీకు తెలుసు, వణికే చేతులతో ఎన్నేళ్లు బతికాడో.

లియాన్ మెదడు కుంచించుకుపోయిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. అంతకు ముందే, 2000 దాటాక, నెబ్రాస్కా రాష్ట్రంలో కొలంబస్ అనే చిన్న ఊరికి చేరాడు. అక్కడ లారీలో వచ్చిన సరుకు దించాడు. వైఎంసీఏ భవనంలో శుభ్రం చేసే పనికి కుదిరాడు.

అదిగో చీపురు. మళ్లీ వస్తుందన్నాను కదా.

ఫ్యాక్టరీలో నేల తుడిచిన తమ్ముడు అక్కణ్నుంచి రింగులోకి నడిచాడు. అలీని ఓడించిన అన్న రింగులోంచి నడిచి వచ్చి నేల తుడిచాడు. అదే పని. తమ్ముడు తుడిచినప్పుడు అది 'కష్టపడి పైకొచ్చాడు' అనే కథలో మొదటి పేజీ. అన్న తుడిచినప్పుడు 'ఎలాంటివాడు ఎలా అయిపోయాడు' అనే కథలో చివరి పేజీ. నేల మాత్రం రెండుసార్లూ ఒకేలా శుభ్రపడి ఉంటుంది. పని పొద్దున్నే చేసి, జీతం తెచ్చుకుని, అడిగినవాడికి సంతకం పెట్టి, పళ్లు లేని నవ్వు నవ్విన మనిషిని చూసి అయ్యో అనడానికి మనమెవరం అని నాకనిపిస్తుంది. మన జెట్టీలో బస్తాలు మోసే కళాసీని చూసి ఎవరైనా అయ్యో అంటే అతనికి ఒళ్లు మండదూ?

లియాన్ 2021 ఫిబ్రవరి 5న క్యాన్సర్‌తో చనిపోయాడు. 67 ఏళ్లు.

మొన్నీమధ్య ఈ కథంతా ఘంటాఘర్ దగ్గర టీ తాగుతూ ఒక పెద్దాయనకి చెప్పాను. సోంపేట నుంచి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేసినాయన. ఓపిగ్గా విన్నాడు. అలీ దగ్గర ఒకసారి 'ఆఁ' అన్నాడు, టైసన్ దగ్గర ఒకసారి నవ్వాడు, చీపురు దగ్గర ఏమీ అనలేదు. అంతా అయ్యాక అడిగాడు:

"పెద్దోడికి పిల్లల్లేరా బాబూ?"

"ఉన్నారు మావయ్యా. ముగ్గురు కొడుకులు. పెద్ద కుర్రాడూ బాక్సరే. 1990లో ఎవరో తుపాకీతో కాల్చేశారు. ఇరవై ఏళ్లుంటాయేమో."

ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఆఖరి కుర్రాడు కోరీ అని. వాడు కూడా బాక్సింగే. 2003లో వెల్టర్‌వెయిట్‌లో తిరుగులేని ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తండ్రి 1978లో అయినట్టే."

పెద్దాయన కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు, అడుగున మిగిలిన టీ పారబోశాడు.

"అయితే పెద్దోడి చిన్నోడు పర్లేదన్నమాట," అన్నాడు.